ముప్పై ఆరు మూరలు

పోయిన వారం ఈ కథను సోమందేపల్లి దగ్గర, బస్సులో ఆపాను. నా సంచిలో ఒక పుస్తకం, ఒక టేపు ఉన్నాయి. ముందు సీట్లో శేషగిరి సారు కూర్చుని ఉన్నాడు. నా భార్య అనసూయ రాసిందంతా ఆయన తన పేరు మీద అచ్చు వేసుకున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకు తెలియదనుకున్నాను.

మొదటి నుంచి చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు చెబుతాను. అనసూయది ధర్మవరం, మగ్గాల ఇల్లు. పదకొండేళ్లు ఆమె బస్సులెక్కి పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. పాత అరుగులు, చావిళ్లు, కూలిన గోడలు కొలిచింది. ముసలమ్మల పక్కన కూర్చుని ఏ వీధిలో ఎవరుండేవాళ్లో, ఏ సంతలో ఏమి అమ్మేవాళ్లో అడిగి రాసుకుంది. ఎడమ చేత్తో రాసేది. అట్లా పది నోటుపుస్తకాలు నిండాయి. శేషగిరి చేతికి పోయినవి తొమ్మిది. మిగిలిన ఒకటి సంగతి వేరు.

ఆ తొమ్మిదింటినీ నేను ఇంట్లో చూడలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకుందనుకున్నాను. నాలుగేళ్ల కిందట ఆస్పత్రి మంచం మీద, "నా పుస్తకాలు శేషగిరి సారు కాడ ఉండాయి" అంది. అంతకుమించి చెప్పలేదు. దినాలు అయ్యాక ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. "ఏ పుస్తకాలు మారెప్పా?" అన్నాడు. కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి. నాది ఊరి బడిలో ఏడో తరగతి. హిందూపురంలో పుస్తకాలు బైండింగు చేస్తాను. ఆయన మాట ముందు నా మాట నిలబడదు.

రెండేళ్లయ్యాక ఆయన టైపు చేసిన కాగితాల కట్ట తెచ్చి నా దగ్గరే అట్టలు వేయించుకున్నాడు. ఐదు ప్రతులు. వీడు చదవడులే అని ఆయన ధైర్యం. నేను చదవలేదు. కుట్టాను. నా భార్య మాటలకు ఈ చేతులతోనే దబ్బనంతో బెజ్జాలు పొడిచాను. పోయిన ఏడు అది అచ్చయింది, అప్పుడు చదివితే తెలిసింది. పేరు 'అరుగులు చెప్పిన పెనుకొండ'. వచ్చే ఆదివారం ధర్మవరంలో దానికి సన్మానం. అనసూయ పుట్టిన వీధికి రెండు సందుల అవతలే వేదిక. ఆ సభ జరిగేలోపల ఆయన నోటితో ఆమె పేరు చెప్పించాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా చదువరుల గుంపును నడిపేది భానుమతమ్మ. హిందూపురంలో ఆమెకు బట్టల అంగడి ఉంది. నెలకొక ఆదివారం ఆ అంగడి మేడ మీద కలుస్తాం. ఆమె పెట్టిన పద్ధతులు రెండు. నవలైతే మేడ మీదే మాట్లాడుకోవాలి, చరిత్ర పుస్తకమైతే అది చెప్పే చోటికే పోవాలి. రెండోది, ప్రశ్న అడిగే మనిషి, ముందుగా లేచి నిలబడి ఆ పేజీ మొత్తం గట్టిగా చదవాలి. సగం చదివి అడగకూడదు. చదవకుండా ప్రశ్నలు వేసేవాళ్లు ఎక్కువయ్యారని ఆమె అట్లా పెట్టింది. ఆ రెండో పద్ధతి కోసమే నేను మూడు నెలలు కాచుకున్నాను.

పెనుకొండలో దిగేసరికి పదిన్నర. ఐదుగురం. భానుమతమ్మ, శేషగిరి, నేను కాక బీమా ఆఫీసులో పనిచేసే శివప్రసాద్, ఆమడగూరు నుంచి వచ్చే టీచరు పవిత్ర. కొండ కింద పాత పేట వైపు నడిచాం. టీ ఫ్లాస్కు భానుమతమ్మే మోసుకొచ్చింది. ఇంకొకరి చేతికి ఇవ్వదు.

శివప్రసాద్‌కు నోరు ఊరుకోదు. "ఏమప్పా మారెప్పా, పోయిన నెల చదివిన పాత నవల మీద నీకింకా కోపం పోలేదా? అందరం ముగింపు బాగుండాదంటే నువ్వొక్కనివే ఒప్పుకోకపోతివి."

"ఇప్పుడూ ఒప్పుకోను" అన్నాను. "ముప్పై ఏండ్లు ఆ మనిషి కాచుకొన్యాడు. శత్రువు దొరికినాక క్షమించి ఇంటికి పోయినాడు. రాసినాయనకు చెయ్యి నొప్పి పుట్టిండాది. దానికే ఆడికి నిలిపేసినాడు."

పవిత్ర నవ్వింది. "క్షమించేది తేలికనుకుంటాండావా అన్నా?"

"తేలిక కాబట్టే నవలల్లో అంతమంది చేస్తారు."

శేషగిరి వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మారెప్పను వదిలేయండి. ఆయనకు అట్టలు బాగా తెలుసు. లోపలిది మనం చూసుకుందాం."

శివప్రసాద్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాటను మాత్రం లోపల దాచుకున్నాను.

సంత అరుగు పేట చివర ఉంది. నల్లరాతి బండలు వరసగా పరిచిన పొడవాటి తిన్నె. ఒకప్పుడు దాని మీద గుడ్డలు పరిచి అమ్మేవాళ్లట. ఇప్పుడు ఒక కొసన ఎవరిదో మోటారుసైకిల్, ఇంకో కొసన ఎండబెట్టిన చింతపండు. చింతపండు పక్కన కుళ్ళాయమ్మ అనే ముసలామె కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. పోయిన నెల నేను ఒక్కడినే వచ్చినప్పుడు ఆమెతో మాట్లాడాను. నన్ను గుర్తుపట్టింది.

"మళ్ళా వచ్చినావా? మనుషుల్ని గూడా తోలుకొచ్చినావే. తొక్కొద్దండి నాయనా, గింజ తీసిన పండు అది."

భానుమతమ్మ అరుగు నడుమ కూర్చుంది. మిగతావాళ్లు చుట్టూ కూర్చున్నారు. శేషగిరి అరగంట మాట్లాడాడు. రాజుల కంటే పేటలు ముఖ్యమన్నాడు. శాసనాలు చెప్పనివి ముసలివాళ్లు చెబుతారన్నాడు. ఊరూరూ తిరిగి కాళ్లు అరిగాయన్నాడు. బాగా మాట్లాడతాడు. అందులో ప్రతి మాటా ఒకప్పుడు మా ఇంటి వంటగదిలో పొయ్యి ముందు నేను విన్నదే. అప్పుడు వినిపించుకోలేదు.

"ప్రశ్నలు ఎవరికన్నా ఉండాయా?" అంది భానుమతమ్మ.

నేను లేచి నిలబడ్డాను.

"నూట పన్నెండో పేజీ" అన్నాను. పుస్తకం తెరిచి చదివాను. గొంతు బాగానే పలికింది. పేజీ మొత్తం చదివాను. చివరి పేరా మాత్రం ఇక్కడ రాస్తాను.

'ఈ సంత అరుగు పొడవు ముప్పై ఆరు మూరలు. టేపు వాడలేదు. పాతవాళ్లు గుడ్డను కొలిచినట్టే, నా కుడి మోచేయి నుంచి వేలి కొస దాకా మూర వేసుకుంటూ, ఈ కొస నుంచి ఆ కొసకు నేనే స్వయంగా కొలిచాను.'

"బాగుండాది" అన్నాడు శివప్రసాద్. "ప్రశ్న ఏంది?"

"నేను కొలిస్తే ముప్పయ్యే వచ్చింది సార్."

శేషగిరి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మూర అనేది మనిషి మనిషికీ మారుతుంది మారెప్పా. దానికే గదా సర్కారు మీటరు పెట్టింది."

"మారుతాది సార్. చెయ్యి పొడుగుంటే లెక్క తగ్గల్ల, చెయ్యి పొట్టిగుంటే పెరగల్ల. మీరు నాకంటే జానెడు పొడుగు. మీకు ముప్పై కంటే తక్కువ రావల్ల. ఆరు ఎక్కువ ఎట్ల వచ్చింది?"

భానుమతమ్మ ఫ్లాస్కు మీద చేయి పెట్టి ఆయన వైపు చూసింది.

"లెక్క తప్పింటుంది. ఎండలో కొలిచినాను."

"ధర్మవరం పాత చావిడి కాడ గూడా ఎండేనా సార్? నూట నలభయ్యో పేజీలో ఇరవై నాలుగు అని రాసినారు. నాకు ఇరవై వచ్చింది. కొండెక్కే దావలో కూలిన గోడ మీరు పన్నెండన్నారు. నాకు పది. తప్పయితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉండల్ల. మీ పుస్తకంలో యాడ చూసినా నాకు ఐదు వచ్చిన కాడ మీకు ఆరు."

"అది పాతకాలం మూర. కొంచెం చిన్నది" అన్నాడు.

"నా కుడి మోచేయి అని రాసినారే. ఇప్పుడే చదివితి."

పవిత్ర నా చేతిలో పుస్తకం తీసుకుని ఆ పేజీ చూసింది. లెక్కల టీచరు ఆమె. పెదవులు కదుపుతూ లెక్క వేసుకుంది. తర్వాత తల ఎత్తి నెమ్మదిగా అంది. "ఒకసారి కొలవండి సార్. అరుగు ఈడే ఉండాది గదా."

ఆయన కొలవనంటే అక్కడితో ఆగిపోయేది. కానీ ముప్పై ఏళ్లు పిల్లల ముందు నిలబడిన మనిషి, ఒక బైండింగు పనివాడి ముందు కూర్చుండిపోలేకపోయాడు. చొక్కా చేయి మడిచి అరుగు కొసన వంగాడు. మోచేయి ఆనించి, వేలి కొస దగ్గర నేనిచ్చిన సుద్దతో గీత గీసి, మళ్లీ మోచేయి ఆనించి ముందుకు జరిగాడు. పవిత్ర పైకి లెక్కపెట్టింది. పదిహేను దాటాక ఆయనకు ఆయాసం వచ్చింది. ఎవరూ చాలనలేదు. కుళ్ళాయమ్మ చింతపండు పక్కకు లాగి దారి ఇచ్చింది.

"ఇరవై ఏడు" అంది పవిత్ర.

శివప్రసాద్ ముఖంలో నవ్వు పోయింది. "ముప్పై ఆరు యాడ, ఇరవై ఏడు యాడ" అని తనలో తాను అనుకున్నాడు.

"పవిత్రమ్మా, ఇప్పుడు నువ్వు కొలువు" అన్నాను. "కుడిచేత్తో. నడిమి మూడు వేళ్లు ముడుచుకో. వాటి మొదళ్ల కాడికే కొలువు."

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, మూడు వేళ్లు ముడిచి వంగింది. ఈసారి లెక్కపెట్టింది నేను. ఒకటి, రెండు, మూడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది.

"ముప్పై ఆరు" అన్నాను. అరుగు ఇంకా బెత్తెడు మిగిలింది.

కుళ్ళాయమ్మ కర్ర ఆనించుకుని లేచి నిలబడింది. "ఆ, అట్లే. ఆయమ్మ గూడా అట్లే కొల్చింది. వేళ్లు లేని అమ్మ. నా పక్కనే కూసోని ఎడంచేత్తో రాసుకున్యాది. మళ్ళా వచ్చేతప్పుడు నిమ్మకాయ ఊరగాయ తెస్తానన్యాది. యాడుండాదప్పా ఆమె?"

భానుమతమ్మ తల వంచుకుంది.

"పదహారేళ్లప్పుడు" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "ధర్మవరంలో పవర్లూము షెడ్డులో అనసూయ కుడిచెయ్యి మిషన్‌లో పడింది. నడిమి మూడు వేళ్లు మొదలుకు పోయినాయి. పూలు కొనేతప్పుడు ఆమె చేత్తో మూర కొలిస్తే, పూలామె నవ్వి ఇంకొంచెం వేసేది. ఆ మూరే సార్ మీ పుస్తకమంతా ఉండేది. మీరు మాటలు మార్చినారు, ఊర్ల వరస మార్చినారు. అంకెలు మార్చల్లని మీకు తోచలేదు. అవి ఎవరి చెయ్యో మీకు తెలీలే. పైగా కొలిచింది నేనే అని ఒక వాక్యం రాసుకున్యారు."

శేషగిరి అరుగు మీద కూర్చున్నాడు. సుద్ద ఇంకా ఆయన వేళ్ల మధ్యే ఉంది.

"సార్" అన్నాడు శివప్రసాద్. ఆ ఒక్క మాటే అన్నాడు. పొద్దున బస్సులో ఆయనకు కిటికీ సీటు ఇచ్చినవాడు అతనే.

"కుళ్ళాయమ్మా, ఈ సారును నువ్వెప్పుడన్నా చూసినావా?" అని పవిత్ర అడిగింది.

"ఈయప్పనా? లేదు తల్లీ. ఇదే చూస్తాండేది."

నాలుగేళ్లు నేను ఈ పూట కోసం బతికాను. అబద్ధం చెప్పను, తీపిగానే ఉంది. ఆయన చెవులు ఎర్రబడడం చూశాను. చొక్కా చేయి దించుకోవడానికి గుండీ దొరక్క తడుముకోవడం చూశాను. ఇంకొంచెం సేపు చూడాలనిపించింది.

"వచ్చే ఆదివారం ధర్మవరంలో సన్మానం" అన్నాను. "ఆ మైకు ముందర నిలబడి చెప్పండి. ఇది అనసూయ పుస్తకం, నేను దొంగిలించినానని. చెప్పకపోతే నేను చెప్తా. ఈ సుద్ద, ఈ పేజీ తీసుకొని వస్తా. ఆ వేదిక గూడా కొలిపిస్తా మీతో."

శేషగిరి తన తోలు సంచి దగ్గరకు లాక్కున్నాడు.

"నువ్వు టేపు పట్టుకొని ధర్మవరం చావిడి కాడ తిరుగుతాండావని నెల కిందటే నాకు తెలిసింది" అన్నాడు. గొంతులో లెక్చరరు పోయాడు. "దేనికో అర్థం కాలే. అయినా దీన్ని తెచ్చుకున్నా. తప్పు చేసినా, సరే. నువ్వేమో చాలా మంచోని మాదిరి నిలబడుకున్నావు. దీంట్లో ఆఖరు పేజీ చదువు."

సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి అరుగు మీద పెట్టాడు. నీలం అట్ట. మీద ఎడమచేతి వాటంగా ఒరిగిన అంకె, పది. అంగట్లో కొన్న పుస్తకం, పిన్నులు కొట్టింది. నా కుట్టు కాదు. ఆమె మొదటి పుస్తకానికి మాత్రమే నేను కుట్టు వేసిచ్చాను. తర్వాత ఆమె నన్ను అడగలేదు.

చేయి చాపి తీసుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఆమె అక్షరం.

"ఈ పూటకు చాలు" అంది భానుమతమ్మ. ఫ్లాస్కు మూత తిప్పుతోంది. "ఎండెక్కింది. టీ తాగి పోదాం. అది పుస్తకం కాదు, ఆమె సొంతం. ఇంటికి పోయి చదువుకో మారెప్పా."

ఆమె ఒక చర్చను మధ్యలో ఆపడం నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడు అది దయ అనుకున్నాను.

"పద్ధతి మీరే పెట్టింది గదమ్మా" అన్నాడు శేషగిరి. "నూట పన్నెండో పేజీకి ఒక న్యాయం, దీనికి ఒక న్యాయమా? నిలబడి చదవమనండి. గట్టిగా."

పవిత్ర ఇబ్బందిగా నా వైపు చూసింది. "పద్ధతైతే అదే అన్నా. నీకిష్టం లేకుంటే వద్దులే."

ఆఖరి పేజీ తెరిచాను. పైన ఉన్న వాక్యం చూడగానే శేషగిరి దేనికి అది తెచ్చాడో తెలిసిపోయింది. అందులో ఉన్నది ఈ లోకంలో ఇద్దరికే తెలుసనుకున్నాను. ఒకరు చనిపోయారు.

పుస్తకం మూసేయవచ్చు. జేబులో పెట్టుకుని బస్సెక్కవచ్చు. కానీ ఒకరి తప్పును గట్టిగా చదివిన గొంతుతో నా తప్పును గొణగలేను. నిలబడ్డాను. చదివాను.

'నా మొదటి పుస్తకం మా ఇంటాయన పొయ్యిలో పెట్టినాడు. ఆ పొద్దు నేను ఆమడగూరు నుంచి వచ్చేసరికి చీకటి పడింది. అన్నం చేసేవాళ్లు లేరని కోపం. అది కాలేదాకా ఆ పొయ్యి ముందరే కూర్చున్యాడు. తానే కుట్టిచ్చిన పుస్తకం.'

శివప్రసాద్ ముఖం తిప్పుకున్నాడు. పవిత్ర నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కుళ్ళాయమ్మకు అర్థమైందో లేదో, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"చాలు" అన్నాడు శేషగిరి. "నేను తీసుకున్నాను, ఇంత లోకానికి చూపించినాను. నువ్వు కాల్చినావు. ఇంక నాకు పద్ధతులు చెప్పొద్దు. ఆ వాక్యాలు చాలు, పుస్తకం ఇట్లియ్యి."

"పేజీ ఇంకా ఉండాది సార్" అన్నాను.

"ఉంటే ఉంది. మిగతాది నీకు పనికొచ్చేది కాదు."

"మొత్తం చదవల్ల. సగం చదివి అడగకూడదు."

మళ్లీ పేజీ ఎత్తాను. భానుమతమ్మ లేచి నిలబడింది. నేను ఆగలేదు.

'ఆ పొద్దు నుంచి ఏ పుస్తకమూ ఇంటికి తీసకపోలేదు. రాసినవి రాసినట్టే హిందూపురంలో భానుమతమ్మ అంగట్లో దాచిపెడతాండా, చీరల బీరువా అడుగు అరలో. తాళంచెవి ఆమె కాడే ఉండాది. ప్రాణం పోయినా ఎవరికీ ఇయ్యనని ఆమె నా చేతిలో చెయ్యేసి చెప్పింది.'

పేజీ అయిపోయింది. ప్రశ్న అడిగే హక్కు ఇప్పుడు నాది.

శేషగిరి వైపు తిరగలేదు. ఆయన లెక్క తేలిపోయింది. నా లెక్క కూడా ఈ అరుగు మీదే తేలింది. నాలుగేళ్లుగా నెలనెలా భానుమతమ్మ చేతి టీ తాగుతున్నాను. అనసూయ పోయిన రోజు మా గడపలోకి అందరికంటే ముందు వచ్చి ఏడ్చింది ఆమే. పుస్తకాలు దొరికినాయా అని నన్ను రెండుసార్లు అడిగింది కూడా ఆమే.

"భానుమతమ్మా" అన్నాను. "తాళంచెవి మీ కాడుంటే, ఆ పుస్తకాలు ఈయన చేతికి ఎట్ల పోయినాయి?"

ఆమె ఫ్లాస్కు మూత బిగించబోయింది. అది రెండుసార్లు జారింది. మూడోసారి దాన్ని అరుగు మీద పెట్టేసి, శేషగిరి వైపు చూసింది.

"నువ్వు చెప్తావా" అని ఆయన్ను అడిగింది, "నన్నే చెప్పమంటావా?"

ఊరంతా సారూ అని పిలిచే మనిషిని ఆమె నువ్వు అనడం మేమెవరమూ అంతకుముందు వినలేదు.